తాడు మొదట్లో కూర్చునేవాడు

చక్రపాణి ఆ పాత కారు సీటు కోసినప్పుడు కొబ్బరిపీచుతో పాటు ఒక పుస్తకం కూడా ఊడిపడింది. అది అలా లోపలే పడి ఉంటే ఎంతమంది సుఖంగా ఉండేవారో! కానీ పోయేకాలం చెప్పి వస్తుందా?

చక్రపాణికి నంద్యాలలో కార్ల షెడ్డు ఉంది. ఒకప్పుడు ర్యాలీ పందేల్లో అతని బండి వస్తోందంటే జనం దారి పక్కనున్న గట్లెక్కి నిలబడేవారు. రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం, పందెమూ లేదు పాడూ లేదు, ఊరికే సరదాకి భార్య హైమను పక్కన కూర్చోబెట్టుకుని ఘాటు రోడ్డులో నూటపది మీద పోనిచ్చాడు. బండి మూడు పల్టీలు కొట్టింది. అతగాడికి గోరంత గీత పడలేదు. హైమ కుడికాలు మాత్రం నుజ్జునుజ్జయింది. ఇప్పటికీ చేతికర్ర లేనిదే వంటింట్లోకి పోలేదు. ఆ రోజు నుంచి చక్రపాణి బండి నలభై దాటలేదు. హైమ తమ్ముడు వామనమూర్తి బావతో మాట కలపలేదు. ఆసుపత్రి వరండాలో పదిమంది ముందు అతను అన్న చివరి మాట, "నువ్వు పోయి మా అక్క కాళ్ళు బాగుండింటే సరిపోయేది."

పుస్తకం సంగతికి వద్దాం. అది ఎనభై ఏళ్ళ నాటి ఒక జమీందారు దగ్గర ఆ కారే నడిపిన ఓబుళయ్య రాసుకున్నది. ఇన్ని మైళ్ళకు ఎడమ, ఇన్ని మైళ్ళకు వాగు, అక్కడి నుంచి కుడి అంటూ పేజీలకు పేజీలు. ర్యాలీలో పక్క సీటువాడు చదివి వినిపించే దారి పుస్తకం అచ్చం ఇలాగే ఉంటుంది. జమీందారు దొరల కంట పడకుండా నల్లమలలో రెండు నగల పెట్టెలు దాయించాడనీ, ఆయన పోయాక ఓబుళయ్య తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వాటికోసం వెళ్ళాడనీ ఆ రాతల సారాంశం. ఆఖరి పేజీలో నాలుగే ముక్కలు: "గద్దలగుండం. పెరల కింద గుహ. ఒక పెట్టె పైకి వచ్చింది, రెండోది లోపలే ఉంది. తాడు తెగింది. తమ్ముడు రాలేదు."

ఈ ముక్కలు చదివి వెనక్కి తగ్గాల్సింది పోయి, చక్రపాణి స్నేహితుడు ఉదయశంకర్ ఎగిరి గంతేశాడు. తొమ్మిదేళ్ళపాటు ర్యాలీల్లో చక్రపాణి పక్క సీట్లో కూర్చుని దారి చదివినవాడు అతనే. సెలవుల్లో కుర్రకారుకు తాళ్ళతో కొండలెక్కడం నేర్పుతాడు. చక్రపాణికి నగల మీద కంటే ఇంకో యావ ఎక్కువగా ఉంది. హైమ ముందు తలెత్తుకుని నిలబడడానికి ఏదో ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాలి. హైమ అడ్డు చెప్పలేదు. తమ్ముడు కూడా వెంట వెళ్ళాలని మాత్రం పట్టుబట్టింది. ఆత్మకూరులో డ్రిల్లు మాస్టారుగా ఉన్న వామనమూర్తి అక్క మాట కాదనలేక వచ్చాడు. బావ నడిపే జీపులో మాత్రం కూర్చోనని చెప్పి, మోటారుసైకిలు మీద వాళ్ళ వెనకే దుమ్ము తింటూ వచ్చాడు.

అడవిలో మొదటి రోజంతా వృథా అయింది. మైళ్ళు కిలోమీటర్లుగా మార్చుకున్నారు గానీ, తమ జీపుకు వేసిన పెద్ద టైర్ల సంగతి మరిచారు. చక్రం పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది. పందేల్లో పండిపోయిన ఇద్దరూ ఆ చిన్న లెక్క తప్పి, ప్రతి మలుపునూ దాటిపోయి వెనక్కి వచ్చారు. రెండో రోజు ఒక పెంటలో, అంటే చెంచుల గూడెంలో, గురవయ్య అనే పెద్ద దొరికాడు. గద్దలగుండం పేరు వినగానే అతని ముఖం నల్లబడింది. అయినా, ఎవరూ తోడు లేకుండా పోయి చస్తారన్న భయంతో కాబోలు, గొంగళి భుజాన వేసుకుని జీపెక్కాడు.

మధ్యాహ్నానికి బండ్లు వదిలి కొండ అంచుకు చేరారు. అక్కడ పిట్ట కూత లేదు. కింద రెండు వందల అడుగుల లోతున లోయ నోరు తెరుచుకుని ఉంది. అంచు కింద బండ లోపలికి వంగిపోయింది. దాని కడుపున జల్లెడలంత తేనె పెరలు ఏడెనిమిది వేలాడుతున్నాయి. వాటి కింద గుహ నోరు. లక్షల ఈగల రొద అరికాళ్ళకు తెలుస్తోంది. వామనమూర్తి అంచు దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయి కూర్చున్నాడు.

గురవయ్య రెండు మాటలు చెప్పాడు. పొద్దు వాలేదాకా ఆగాలి, చీకటి పడితే ఈగ మందగిస్తుంది, పగలు పెర దగ్గరికి పోయినవాణ్ణి దేవుడు కూడా కాపాడలేడు, ఇది మొదటిది. అంతసేపు ఆగడం తనవల్ల కాదని ఉదయశంకర్ కొట్టిపారేశాడు. పొగ పెడితే చాలన్నాడు. నారేపి చెట్టుకు తాడు రెండు చుట్లు చుట్టి, దాని కొస తానే పట్టుకుంటానన్నాడు. చక్రపాణి నడుముకు పట్టీ బిగించుకున్నాడు. అప్పుడు గురవయ్య రాజేయబోతున్న పొగ కట్టను కింద పడేసి రెండో మాట చెప్పాడు.

"తాడు మొదట్లో బావమరిదే కూర్చోవాల సామీ. తేనెకు దిగినోని తాడు అన్నదమ్ముడు పట్టుకోగూడదు, సావాసగాడూ పట్టుకోగూడదు. దిగినోడు చస్తే వాళ్ళకేదో ఒకటి కలిసొస్తాది. బావమరిదికి ఏమొస్తాది? అక్క ఏడుపే గదా వచ్చేది."

బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ చక్రపాణి బిగించిన పట్టీ విప్పబోయాడు. తన చావు కోరినవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటే వాడు వామనమూర్తే! నమ్మకమంతా తొమ్మిదేళ్ళ సావాసగాడి మీద ఉంది. ముసలాయన మాత్రం బావమరిది తాడు పట్టుకోనిదే నిప్పు ముట్టించనని భీష్మించుకున్నాడు. చివరికి రాజీ కుదిరింది. వామనమూర్తి తాడు మొదట్లో, ఉదయశంకర్ అతని పక్కన. వామనమూర్తి వచ్చి చెట్టు వేళ్ళకు కాళ్ళు తన్నిపెట్టి కూర్చుని, తాడు కొసను నడుము చుట్టూ తిప్పుకున్నాడు. అతని ముఖంలో ఏముందో చక్రపాణికి అంతుపట్టలేదు.

చక్రపాణి గురవయ్య గొంగళి కప్పుకుని, అంచు నుంచి వేలాడదీసిన కట్ట పొగ మధ్యన దిగాడు. పెరలు మూరెడు దూరంలో ఉన్నాయి. వాటి మీద ఈగలు అలలు అలలుగా వణుకుతున్నాయి. ఊపిరి బిగబట్టి, బండను కాలితో తన్ని, ఊగి గుహ నోట్లోకి దూకి, తాడు విప్పి అక్కడి రాతికి చుట్టాడు.

లోపల గబ్బిలాల కంపు. టార్చి వెలుగులో పది అడుగుల్లోనే పెట్టె కనిపించింది. మూరెడు పొడుగు, ఇత్తడి పట్టీలు, తుప్పు పట్టిన తాళం. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నట్టుగా ఒక ఎముకల గూడు ఉంది. ఓబుళయ్య తమ్ముడు! ఎనభై ఏళ్ళుగా ఆ పెట్టెకు కాపలా కాస్తున్నాడు. ఆ నడుము ఎముకల చుట్టూ నారతాడు ఇంకా ఉంది. దాని కొస చేతిలోకి తీసుకుని వెలుగులో చూశాడు. తెగిన తాడు పీచుపీచుగా ఉండాలి. ఇది అరటిదుంప కోసినట్టు నున్నగా ఉంది.

తాడు తెగలేదు. పైనున్న అన్న కోశాడు. ఒక పెట్టె పైకి అందాక తమ్ముడి పని తీరిపోయింది; రెండోది పోయినా సరే, పాలు పంచడం ఇష్టం లేకపోయింది కాబోలు.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉదయశంకర్ కేక వినిపించింది. "పాణీ, ముందు పెట్టె కట్టు! తాడు మళ్ళీ వదులుతాం!"

తేనె దించేవాళ్ళ పద్ధతి కూడా అదే. ముందు తేనె బుట్ట, తర్వాత మనిషి. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ చక్రపాణి ఆ నున్నటి తాడుకొసను వదల్లేకపోయాడు. పైన తాడు పట్టుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకడి గొంతులో పెట్టె తప్ప ఇంకేమీ లేదు. ఇంకొకడు రెండేళ్ళుగా తన చావు కోసం చూస్తున్నవాడు. పెట్టె పోయాక తాడు వస్తుందా? పెట్టె వంకా, ఆ పుర్రె వంకా చూశాడు. హైమ ఒళ్ళో నగలు కాదు, ముందు మనిషి పడాలి కదా అనుకున్నాడు. పెట్టెను తాకకుండా తాడును తన పట్టీకే తగిలించి మూడుసార్లు గుంజాడు.

సగం దూరం పైకి లేచాడు. బరువును బట్టే పెట్టె రావడం లేదని ఉదయశంకర్ పసిగట్టి, ఆత్రం కొద్దీ అంచు మీదికి వంగి చూడబోయాడు. అతని మోకాలు తగిలి, వేలాడదీసిన పొగ కట్ట జారింది. మండుతున్న కట్ట ఊగుతూ పోయి పెద్దపెర మీద పడింది. ఒక్క క్షణం రొద ఆగిపోయింది. మరుక్షణం కొండ కడుపు చీలినట్టు ఈగలు పైకి లేచాయి.

పైన ఎవరో గావుకేక పెట్టారు. తాడు ఒక్కసారిగా బారెడు కిందికి జారింది. ఎవరో చెయ్యి వదిలేశారు! చక్రపాణి గొంగళిలో ముడుచుకుని గాలిలో గిరగిరా తిరుగుతూ ఆ నున్నటి తాడుకొసనే తలుచుకున్నాడు. తాడు ఆగింది. కాసేపు కదల్లేదు. తర్వాత జానెడు లేచింది. మళ్ళీ జానెడు. బావిలోంచి నిండు బొక్కెన తోడుతున్నట్టు, ఆగి ఆగి, లేచింది.

అంచు పట్టుకుని పైకి పాకి చూస్తే ఉదయశంకర్ లేడు. గురవయ్య పచ్చి రొట్ట తల మీద కప్పుకుని తాడు గుంజుతున్నాడు. చెట్టు మొదట్లో వామనమూర్తి కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. మెడ, చెవులు, కనురెప్పలు ఈగలతో నల్లగా ఉన్నాయి. తోలుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అరచేతులు ఒలిచి తాడంతా రక్తమైంది.

ముగ్గురూ పొదల్లో పడి పరుగెత్తి జీపు చేరేసరికి ఉదయశంకర్ అందులో అద్దాలు బిగించుకుని ఏడుస్తున్నాడు. తిట్టే తీరిక ఎవరికీ లేదు. వామనమూర్తి ముఖం పాచిపోయిన గుమ్మడిలా ఉబ్బింది, పెదాలు నీలిరంగుకు తిరిగాయి, గొంతులో ఈల మోగుతోంది. గొంతు మూసుకుపోతోందనీ, గంట దాటితే దక్కడనీ గురవయ్య మెల్లగా చెప్పాడు. దారి తప్పకుండా పోయినా ఆత్మకూరు రెండు గంటల ప్రయాణం. ఎప్పుడూ ఎక్కనన్న బండిలో, బావ పక్క సీట్లోనే వామనమూర్తిని కూర్చోబెట్టారు.

చక్రపాణి బండి దూకించాడు. ముల్లు నలభైకి వచ్చి ఆగిపోయింది. కాలు దిగడం లేదు. ఘాటు రోడ్డు, హైమ అరుపు, పగిలిన అద్దం కళ్ళముందు తిరుగుతున్నాయి. పక్కనుంచి ఒక చెయ్యి అతని మోకాలి మీద పడింది. తోలు లేని చెయ్యి.

"తొక్కు... బావా," అన్నాడు వామనమూర్తి.

రెండేళ్ళ తర్వాత ఆ పిలుపు! చక్రపాణి కాలు నేలకంటా దిగింది. వెనక సీట్లో ఉదయశంకర్ ముక్కు తుడుచుకుని ఓబుళయ్య పుస్తకం తెరిచాడు. ఆఖరి పేజీ నుంచి వెనక్కి, ఎడమ అన్నచోట కుడి, కుడి అన్నచోట ఎడమ చేస్తూ, టైరు లెక్క ఈసారి మరవకుండా, ఒక్క తప్పు లేకుండా చదివాడు. వాగులో బండి నీళ్ళను చీల్చుకుపోయింది. వెదురు పొదలు రెండువైపులా రాసుకుపోయాయి. గురవయ్య కళ్ళు మూసుకుని తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాడు. నలభై ఎనిమిదో నిమిషంలో ఆత్మకూరు ఆసుపత్రి గేటు ముందు బ్రేకు పడింది. సూది వేసిన డాక్టరు, ఇంకో పది నిమిషాలైతే తనవల్ల అయ్యేది కాదన్నాడు.

మూడో రోజు వామనమూర్తి కళ్ళు తెరుచుకున్నాయి. పక్కనే చక్రపాణి కూర్చుని ఉన్నాడు. ఉదయశంకర్ రోజూ గేటుదాకా వచ్చి, లోపలికి రాకుండా వెనుదిరుగుతున్నాడు. ఇంకెవరూ అటు పోకూడదని పుస్తకంలో ఆఖరి పేజీని గురవయ్య అప్పటికే పొయ్యిలో పెట్టేశాడు. తాడు ఎందుకు వదల్లేదని చక్రపాణి అడిగాడు.

వామనమూర్తి కట్లు కట్టిన చేతుల వంక చూసుకున్నాడు. "నీకోసమని పట్టుకోలేదులే. నువ్వు పడితే ఆ మాట ఇంటికి పోయి అక్కకు చెప్పాల్సినోణ్ణి నేనే గదా. దానికంటే ఈగలే మేలనిపించింది."

నాలుగో రోజు ఇంటికి బయలుదేరారు. మోటారుసైకిలు అడవిలోనే ఉంది కాబట్టి వామనమూర్తి జీపులో ముందు సీటెక్కాడు. చక్రపాణి అలవాటు ప్రకారం నలభై మీద పోతున్నాడు. ఎడ్లబండి కూడా దాటిపోయేలా ఉంది వాలకం. నంద్యాల ఇంకా చాలా దూరముంది, వాకిట్లో హైమ చేతికర్ర మీద ఆనుకుని పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది.

వామనమూర్తి ముల్లు వంక చూశాడు, రోడ్డు వంక చూశాడు. "అక్క అంతసేపు నిలబడలేదు," అన్నాడు. "కొంచెం తొక్కు బావా."