ఏసుపాదం వాటా

పొద్దున్నే జానమ్మ కుండలోకి చూసింది. అడుగున నాలుగు గుక్కల అంబలి. మిరపకాయలు ఏరడానికి పోవాలి. సాయంత్రం దాకా ఎండలో వంగి ఉండాలి, కడుపులో ఉండేది ఇదే.

బయట అత్త అచ్చమ్మ నిండు ముంత అంబలి గులాబి చెట్టు మొదట్లో ఒంపుతోంది.

"తాగు కొడుకా. ఉప్పు దండిగేసిన."

రోజూ ఇదే తంతు. జానమ్మకు ఒళ్ళు మండింది.

నిరుడు ఈస్టరు దాటిన వారానికి, దొర గడీలో వెట్టి చెయ్యనన్నాడని జానమ్మ పెనిమిటి ఏసుపాదాన్ని రజాకార్లు కోదాడ బాటన పట్టుకుపోయారు. కాల్చి చంపారన్న కబురొచ్చింది గానీ శవం రాలేదు. తర్వాత రజాకార్లు ఖతమయ్యారు. దొర మాత్రం ఖద్దరు తొడుక్కుని అదే గడీలో కూర్చున్నాడు. సమాధికి నోచుకోని మనిషి కోసం జానమ్మ మిర్యాలగూడ దాకా నడిచిపోయి, గులాబి అంటు నెత్తిన పెట్టుకుని తెచ్చి వాకిట్లో నాటింది. ఏడాది ప్రార్థన నాడు దాని మొదటి పువ్వు అతని తలరుమాలు మీద పెట్టాలని ఆమె పంతం. ఇంకా పదహారు రోజులున్నాయి. మొగ్గ లేదు. ఆకుల అంచులు మాడి రాలిపోతున్నాయి.

"అత్తా, దానికి అంబలెందుకు? నీళ్లు సాలవా?"

"నా కొడుకుకు ఉత్త నీళ్లు పోస్తనా? నువ్వేం పెండ్లానివే?"

"మోసుకొచ్చింది నేను, నాటింది నేను! ఎట్ల మాడుతుందో సూడు జర."

"నీ ఏడుపు తాకే మాడుతుంది. వాని వాటా మీదనే నీ కన్ను."

మంచంలోంచి మామ కోటయ్య గొణిగాడు. "షురూ అయిందా పొద్దుగాలనే?"

"నువ్వుండు మామా! కడుపు మాడేది నాకు."

జానమ్మ విసురుగా పోయి చెట్టు మొదట్లో గోరుతో గీకింది. మట్టి మీద తెల్లటి పొర. నాలుక మీద వేసుకుని తుపుక్కున ఊసింది. అత్త చెయ్యి గుంజి అరచేతిలో ఆ మట్టే పెట్టింది.

"నోట్లో ఏసుకో."

"పిచ్చి లేసిందా?"

"ఏసుకో అత్తా! రోజూ ఏం పెడుతున్నవో నీకే తెలుస్తది."

అచ్చమ్మ చిటికెడు నోట్లో వేసుకుంది. దవడ కదలడం ఆగిపోయింది.

"ఉప్పు లేంది వాడు ముట్టడే..."

"ఆయన ముట్టడు. చెట్టు సస్తది. చెట్టు ఆయన గాదత్తా. ఆయన లేడు."

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. అచ్చమ్మ చెట్టు పక్కనే కూలబడింది.

"నా శేతులతోని నేనే సంపిననా?"

జానమ్మకు తిట్టాలనే ఉంది. వంగి అత్త రెక్క పట్టుకుంది.

"సంపినోళ్లు గడీల సల్లగున్నరు. నువ్వు లే. పార తే."

ఆ రోజు కూలికి పోలేదు. ఇద్దరూ పైమట్టి గీకి పారేసి వాగు మట్టి పోశారు. కోటయ్య మూలుగుతూనే కావడి కట్టాడు. చెలిమె నీళ్ళు పదకొండు కుండలు ఇంకేదాకా పోశారు. మర్నాటి నుంచి అచ్చమ్మ పొయ్యి దగ్గరికి రాలేదు, ఎవరితోనూ పలకలేదు. జానమ్మే కాచింది, జానమ్మే నీళ్ళు పోసింది. చిరాకంతా కుండల మీద చూపించింది.

ప్రార్థన నాటికి పువ్వు రాలేదు. ఎర్రటి చిగురొక్కటి వచ్చింది. జానమ్మ తలరుమాలు తీసుకెళ్ళి చెట్టు పక్కనే పరిచింది.

తిరిగి చూస్తే అత్త పొయ్యి ముట్టించి అంబలి కాస్తోంది. ఏసుపాదం ముంత నిండా పోసుకుని, గుప్పెడు ఉప్పు వేసి, వాకిట్లోకి నడిచింది. జానమ్మ అడ్డుపడబోయింది. మళ్ళీనా?

అచ్చమ్మ చెట్టు ముందు ఆగింది. చిగురును చూసింది. కోడలి వైపు మళ్ళి ముంత ఆమె ముందు పెట్టింది.

"తాగు."

జానమ్మ గుక్కెడు తాగింది. గొంతు మండింది.

"ఉప్పెక్కువైంది అత్తా."

"వాడు గంతే తాగేటోడు."

ఇద్దరి కళ్ళూ నిండాయి. జానమ్మ ముంత దించకుండా అడుగుదాకా తాగింది. ఖాళీ ముంత అందుకుని అచ్చమ్మ అంది:

"రేపు నీకు ఉప్పు తగ్గిస్త బిడ్డా."