నాలుగింటికి వేడియప్పన్ గొంతు

“వేడియప్పన్ పొద్దున సైనైడ్ మింగి చచ్చాడు,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “కాని నాలుగింటికి వాడే ఫోన్ చెయ్యాలి.”

“సార్?”

“ఏరియూరు రైసుమిల్లులో వాడి మనిషి మాదప్పన్ రిమోట్ పట్టుకుని ఉన్నాడు. ఎదురుగా రిలే టవర్, దాని కింద బాంబు. టవర్ స్టేషన్‌లో పదకొండుమంది. పోలీసు కనబడితే నొక్కేస్తాడు. నాలుగైనా నొక్కేస్తాడు. నాయకుడు వద్దంటేనే ఆగుతాడు.”

ఏజెంట్ లక్ష్మణ రిసీవర్ పెట్టేశాడు. 1986. ధర్మపురిలో టేప్‌రికార్డర్ల రిపేరు కొట్టు అతని మారువేషం. వెనక గదిలో మాత్రం డిజిటల్ ప్రాసెసర్. మైకులో పడ్డ మాటను అంకెలుగా మార్చి, సన్నని ముక్కలుగా కోసి, సాగదీసి, అతుకు వినబడకుండా మళ్లీ కుట్టే యంత్రం. బయటంతా తమిళం. చీఫ్ ఫోన్లు తప్ప, ఆర్నెల్లుగా అతనితో తెలుగులో మాట్లాడింది ఆ యంత్రంలోంచి పావు సెకను ఆలస్యంగా వచ్చే అతని గొంతే.

మూడున్నరకు సౌభాగ్యం వచ్చింది. కచేరీల్లో పాడే అందగత్తె, వేడియప్పన్‌ను నడిపిన విదేశీ ముఠాలో డబుల్ ఏజెంట్. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి వేడియప్పన్ ఇక్కడి తెలుగులో మాట్లాడిన క్యాసెట్ తీసింది. అది విని లక్ష్మణ యంత్రంలో తన గొంతు పిచ్ తగ్గించాడు, ముక్కు జీర పెంచాడు. చీఫ్ చెప్పిన వాక్యం చదివాడు.

“నేను వచ్చేశాను. పని ఆపెయ్యి.”

ఆమె పకపకా నవ్వింది. “గొంతు వానిదే. మాట బెజవాడ రేడియోది! ఈడ ఎవరప్పా అట్ల మాట్లాడేది?”

లక్ష్మణ తలవంచుకున్నాడు. అతనిదీ ఈ పక్క పెరియంపట్టే. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. ట్రైనింగ్‌లో అందరూ నవ్వితే ఊరి మాటను పట్టుదలగా అరగదీసుకున్నాడు.

మూడూ యాభై ఎనిమిది. మిల్లుకు ఫోన్ కలిసింది.

“ఎవరు?”

“నేనేరా మాదప్పా. వచ్చినాను. పని వద్దు. బ్యాటరీ పీకేసి బస్‌స్టాండుకు రా.”

“ఏమన్నా, గొంతు బావిలో నుంచి వచ్చినట్లుండాది?”

“జలుబురా.”

మూడూ యాభై తొమ్మిది.

“సాప్పాడు తింటివా అన్నా?”

చీఫ్ ఇచ్చిన కోడ్‌ల లిస్టులో ఆ ప్రశ్న లేదు. ఆర్నెల్లుగా ఎవరూ లక్ష్మణను అలా అడగనూ లేదు. దానికి జవాబు కుట్టే ఫిల్టర్ అతను తయారుచెయ్యలేదు.

“తింటినిరా,” అన్నాడు. “నువ్వు తింటివా?”

“లేదన్నా. వచ్చినావు కదా, ఇద్దరం తిందాం.”

బ్యాటరీ ఊడిన టిక్కు వినిపించింది.

మాదప్పన్ బస్‌స్టాండులో దొరికాడు, చేతిలో రెండు బిర్యానీ పొట్లాలతో. సౌభాగ్యం అప్పటికే చెప్పకుండా వెళ్లిపోయింది.

“శభాష్!” అన్నాడు చీఫ్. “ఆ ‘తింటివా’ కోడ్‌వర్డ్‌కు జవాబు ఎలా పట్టావయ్యా?”

“అది కోడ్ కాదు సార్.”

“మరేమిటి?”

లక్ష్మణ గడియారం చూశాడు. ఐదున్నర.

“భోజనం సార్. నేనింకా చెయ్యలేదు.”