మొదటి తల్లి రొయ్య

2003 మే ముప్పై, మిట్టమధ్యాహ్నం. కోటబొమ్మాళి స్టేషన్‌లో ప్యాసింజర్ వచ్చి వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చున్న మనిషి మాత్రం ఎక్కలేదు. కళ్ళద్దాలు తిన్నగానే ఉన్నాయి. ఒళ్ళో స్టీలు టిఫిన్ క్యారియర్ ఉంది. ఎండ మొహం మీదికి వచ్చినా పక్కకి జరగకపోయేసరికి పోర్టర్‌కి అనుమానం వచ్చి భుజం తట్టాడు. మనిషి అలాగే ఒరిగిపోయాడు. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క ఉంది.

పోయింది డాక్టర్ మురళీమోహన్. రొయ్యల జబ్బుల సైంటిస్టు. క్యారియర్ పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో ఐసు, ఐసు మధ్య ఒకే ఒక్క టైగర్ రొయ్య. దాని తలచిప్ప మీద ఆవగింజలంతేసి తెల్ల మచ్చలు.

మర్నాడు పొద్దున్నే ఆ రొయ్య ఫొటో విశాఖలో ఒక టేబుల్ మీద ఉంది. ఆ ఆఫీసు గుమ్మానికి ‘సముద్ర ఉత్పత్తుల గణాంక విభాగం’ అని బోర్డుంటుంది. పాతికేళ్ళలో లెక్కలడగడానికి అక్కడికి ఒక్కడూ రాలేదు, కాబట్టి బోర్డు బాగానే పనిచేస్తోందన్నమాట.

"ముఠా పేరు గ్రే టైడ్. హెడ్‌క్వార్టర్స్ ఒక ఓడ. లీడర్ మార్కస్," అన్నాడు చీఫ్ ఈశ్వర్. "ఆయుధం ఇదే."

"రొయ్యా సార్?" అన్నాడు ఏజెంట్ సింహాద్రి.

"నలభై తల్లి రొయ్యలు. అన్నిటికీ వైట్ స్పాట్, తెల్లమచ్చ జబ్బు. తొంభై అయిదులో వచ్చిన పాత రకం కాదు, ల్యాబ్‌లో పదును పెట్టిన కొత్తది. ఒక్కో తల్లి నాలుగైదు లక్షల గుడ్లు పెడుతుంది. మన హేచరీల్లోకి చేరితే చాలు, ఆ పిల్లలు ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా ప్రతి చెరువులోకీ వెళ్తాయి. మందు లేదు. టీకా లేదు. మన సరుకు పోయిన రోజున ప్రపంచానికి రొయ్యలమ్మేది గ్రే టైడ్ ఒక్కటే."

చెరువులు పోతే ఎండగట్టి, సున్నం చల్లి, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఉప్పుటేరులోకి పోతే మాత్రం అంతే సంగతులని డాక్టర్ తన ఆఖరి నోట్‌లో రాశాడు. ఏటి రొయ్యకి అంటుతుంది, పీత మోస్తుంది, సముద్రాన్ని ఎండగట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. వేట తప్ప ఇంకేమీ తెలియని ముప్పై ఊళ్ళ కంచాలు ఖాళీ అవుతాయి.

ఈశ్వర్ రెండు వస్తువులు ముందుకి తోశాడు. ఒకటి ఫౌంటెన్ పెన్ను. లోపల ఇంకు లేదు, టెస్ట్ స్ట్రిప్ ఉంది. రొయ్య రసం ఒక చుక్క తాకించాక ఒక గీత వస్తే క్షేమం, రెండు గీతలొస్తే వైరస్. రెండోది టిఫిన్ క్యారియర్. నిండా వైరస్‌ని చంపే బ్లీచింగ్ పౌడర్.

"పిస్టల్?"

"ఇస్తాను. వైరస్ దానికి భయపడదు." ఈశ్వర్ ఫైలు మూశాడు. "పలాసలో రజనిని కలువు. మార్కస్ దగ్గర హేచరీ కన్సల్టెంట్. మన మనిషే అనుకుంటున్నాం. మురళీమోహన్ కూడా అలాగే అనుకున్నాడు. ఆ తీరం నీకు తెలిసిందే కదా, ఏమైనా ఇబ్బందా?"

"ఏం లేదు సార్," అన్నాడు సింహాద్రి. ఆ మిషన్‌లో అతనాడిన మొదటి అబద్ధం అది.

*

సాయంత్రం నాలుగింటికి పలాస జీడిపప్పు బజారులో ఒక రొయ్యల మేత కంపెనీ ఏజెంటు దిగాడు. గుబురు మీసం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, చేతిలో క్యారియర్. మూడో కొట్లో లేత నీలం షిఫాన్ చీరలో ఒకామె కూర్చుని ఉంది. ఆమె అత్తరు ముందు వేగిన జీడిపప్పు వాసన కూడా చిన్నబోయింది. కొట్లో గుమాస్తా ఇప్పటికి మూడుసార్లు తూకం తప్పాడు.

"ఏ రకం కావాలి?" అంది ఆమె.

"రెండు వందల పది."

"గుండా, బద్దా?"

"తొక్కతో."

తొక్కతో జీడిపప్పు అడిగేవాడు పలాసలో ఉండడు. రజని నల్లకళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. ఆ రొయ్యని దొంగిలించి డాక్టర్‌కి ఇచ్చింది తనేనని, ఆయన్ని రైలెక్కించి ఉంటే బతికేవాడని మెల్లగా చెప్పింది.

తర్వాత ప్లాన్ చెప్పింది. రేపు జూన్ ఒకటి, ఏటా పెట్టే చేపల వేట నిషేధం ముగిసే రోజు. తెల్లారగట్ల పడవలు సముద్రంలోకి వెళ్తాయి. ఓడ మీంచి నలభై తల్లి రొయ్యలు ఒక పడవలోకి దిగుతాయి. ఆ పడవవాడు తన వలలో పడ్డాయని అక్కుపల్లి ఒడ్డుకి తెస్తాడు. అక్కడ వ్యాన్ ఉంటుంది. సముద్రంలో పట్టిన తల్లి అంటే హేచరీవాడు ఇంకేమీ అడగడు.

"ఎవరి పడవ?"

"చిన్నారావని. జబ్బు సంగతి అతనికి తెలీదు. విదేశీ జాతి రొయ్యలని మాత్రం చెప్పారు."

సింహాద్రి క్యారియర్‌ని గట్టిగా పట్టుకున్నాడు. చిన్నారావు అతనికి తెలుసు. తిరుమలరావు తమ్ముడు.

పొద్దువాలే వేళకి జీపు ఉద్దానం తోటలు దాటి తీరం దారి పట్టింది. మొగలి పొదల అవతల పాడుబడ్డ రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఎండిన అడుగున ఉప్పు పొరలు, ఒక మూల నీటికి గాలి పట్టించే ఏరేటర్, తుప్పు పట్టి. తిరగని ఆ ఏరేటర్ చప్పుడు సింహాద్రికి వినబడుతోంది. గట్టు మీద లుంగీ ఎగ్గట్టి తిరుమలరావు నిలబడి ఉన్నాడు. సింహాద్రి తల తిప్పుకోలేదు. ఎనిమిదేళ్ళుగా ఎక్కడ రొయ్యల చెరువు కనబడినా గట్టు మీద తిరుమలరావు ఉంటాడు. ఏమీ అనడు. చెరువు కేసి చూస్తుంటాడు.

తొంభై అయిదులో వాళ్ళిద్దరివీ పక్కపక్క చెరువులు. ఒకే ఉప్పుటేరు నీళ్ళు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. సింహాద్రి చెరువుకి ముందు తెల్లమచ్చ పడింది. దొరికినంత పట్టి అమ్ముకోవాలన్న ఆత్రంలో అతను ఎవరికీ చెప్పకుండా తూమెత్తి ఆ నీళ్ళు ఏట్లోకి వదిలేశాడు. మర్నాటి పోటుకి తిరుమలరావు అదే నీరు ఇంజినుతో తోడుకున్నాడు. తొమ్మిదో రోజున చెరువంతా రొయ్యలు చచ్చి తేలాయి. గట్టు మీద నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుండె ఆగి పడిపోయాడు. సింహాద్రి తిరుమలరావు తల్లికి మొహం చూపించలేక ఊరొదిలాడు. ఇంతవరకూ ఆ సంగతి ఒక్కరికీ చెప్పలేదు.

*

ఉదయం ఎనిమిది. అక్కుపల్లి ఒడ్డున జనం. పడవలు ఒకటొకటే ఇసకెక్కుతున్నాయి. వ్యాన్ పక్కన పొడుగు లెన్సు కెమెరాతో ఒక దొర నిలబడి ఉన్నాడు. తేలినీలాపురం పక్షుల ఫొటోల కోసం వచ్చానని ఊళ్ళో చెప్పుకుంటున్నాడట. ఆ పక్షులు ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయని అతనికి ఎవరూ చెప్పలేదు. మార్కస్ అంత పెద్ద ముఠాని నడుపుతూ అంత చిన్న సంగతి కనుక్కోకపోవడం సింహాద్రికి కాస్త చిన్నతనంగా తోచింది.

చిన్నారావు పడవ ఆగింది. రెండు థర్మాకోల్ పెట్టెలు దిగాయి. మేతల ఏజెంటు ముందుకి నడిచాడు. వీపుకి చల్లగా పిస్టల్ తగిలింది.

"మార్కస్, వీడు డిపార్ట్‌మెంట్ మనిషి," అంది వెనకనుంచి రజని.

మార్కస్ నవ్వుతూ కెమెరా ఎత్తాడు. ఆ లెన్సులో గాజు లేదు, సూది ఉంది. డాక్టర్ మెడ మీది చుక్క ఎక్కడినుంచి వచ్చిందో సింహాద్రికి అప్పుడర్థమైంది. మరుక్షణం పిస్టల్ అతని భుజం మీదుగా పేలింది. కెమెరా ముక్కలై ఇసకలో పడింది.

"నువ్వు కెమెరా ఎత్తితే గాని సాక్ష్యం దొరకదు కదా," అంది రజని మార్కస్‌తో. "అది మురళీమోహన్ గారి కోసం." జాలర్ల వేషంలో ఉన్న నలుగురు డిపార్ట్‌మెంట్ వాళ్ళు మార్కస్‌ని, వ్యాన్ డ్రైవర్‌ని చుట్టుముట్టారు.

సింహాద్రి పెట్టె తెరిచి ఒక రొయ్య కాలు గిల్లి పెన్ను ఆనించాడు. రెండు గీతలు. పెట్టెల్లో బ్లీచింగ్ కలపబోతూ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

ముప్పై తొమ్మిది.

"చిన్నారావ్, నలభయ్యోది ఏదీ?"

చిన్నారావు బిత్తరపోయి చూశాడు. "ఏటి బాబూ అలా అడుగుతావు. ఏడాదిలో మొదటి తల్లి గంగమ్మది గాదా. అది ఒగ్గకుండా ఒక్కటి అమ్మినా పాపం. వస్తా వస్తా మొగ కాడ ఆగి మా అమ్మకిచ్చీసినాను."

ముఠా అన్నీ లెక్క వేసుకుంది. హేచరీలు, వ్యాన్, దారి, పోలీసు. నిషేధం ముగిశాక దొరికిన మొదటి తల్లి రొయ్యకి పసుపు రాసి, ఇంటి పెద్దావిడ ఏటి మొగలో వదిలాకే మిగతావి బేరం పెడతారని మాత్రం ఆ ఓడలో ఎవరికీ తెలియదు. ఏట్లోకి జబ్బు పంపాలన్న ఆలోచన వాళ్ళకి కూడా రాలేదు. చిన్నారావు భక్తి ఆ పని చేసిపెట్టింది.

"ఎప్పుడు వదులుతుంది?"

"పోటు నిండి నీళ్ళు నిలబడినప్పుడు. ఈపాటికి..."

మిగతాది సింహాద్రి వినలేదు. క్యారియర్ పట్టుకుని సరుగుడు తోటలోంచి పరుగెత్తాడు. చెట్ల మధ్య తిరుమలరావు పక్కనే నడుస్తున్నాడు. ఇతను పరుగెత్తుతున్నా అతను నడుస్తూనే పక్కన ఉన్నాడు.

*

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నడుములోతు నీళ్ళలో చిన్నారావు తల్లి సూరమ్మ నిలబడి ఉంది. చేతుల్లో ఇత్తడి బిందె. బిందెలో పసుపు నీళ్ళు. తల పూర్తిగా నెరిసిపోయింది. పోటు దాదాపు నిండింది. నీటి మీద సరుగుడు పుల్ల ఒకటి ముందుకీ పోకుండా వెనక్కీ రాకుండా ఊగుతోంది.

"అమ్మా, ఆగండి. ఆ రొయ్యకి జబ్బుంది. అది ఏట్లో పడితే ఏరు చచ్చిపోతుంది."

సూరమ్మ తలతిప్పి చూసింది. "మేతలమ్ముకునే బాబువి, నీకేటి తెలుసు. ఇది అమ్మోరి సొత్తు."

అతను నీళ్ళలోకి దిగాడు. ఆమె బిందె కాస్త వంచింది. మధ్య పది బారల దూరం. ఏ ట్రైనింగూ ఆ దూరాన్ని తగ్గించలేదు. బిందె వంగడానికి ఒక్క క్షణం చాలు.

"మా పెద్దోడు ఒక్క ఏడు ఇది ఒగ్గకుండా అమ్ముకున్నాడు," అంది సూరమ్మ. "ఆ ఏడే అమ్మోరికి కోపమొచ్చి ఆడ్ని తీసుకుపోయింది. ఆడు సేసిన తప్పు మల్లీ ఈ ఇంట్లో జరగనీను. అడ్డు రాకు."

సింహాద్రి అక్కడే ఆగిపోయాడు. పెద్దకొడుకు చావుకి కారణం అతను చేసిన తప్పేనని ఎనిమిదేళ్ళుగా ఆమె నమ్ముతోంది. నమ్మనిచ్చింది తను. గూఢచారికి ప్రాణం పోయినా చేయకూడని పని ఒకటుంది. అతను కళ్ళద్దాలు తీసి నీళ్ళలో పడేశాడు. మీసం పీకేశాడు.

"అత్తా. నాను సింహాద్రిని. మందస సింహాద్రిని."

బిందె వంగడం ఆగింది.

"బావ తప్పేటీ నేదు. అమ్మోరికి కోపమూ రానేదు. నా సెరువుకి ముందు తెల్లమచ్చ పడింది. ఎవులికీ సెప్పకుండా నానే తూమెత్తీసినాను. ఆ నీళ్ళే బావ తోడుకున్నాడు. బావని సంపింది నానే అత్తా. ఇప్పుడు నీ సేతిలో ఉన్నది అదే జబ్బు. నానొగ్గినట్టు నువ్వొగ్గకు."

నీటి మీద పుల్ల కదలకుండా నిలిచింది. వదలాల్సిన క్షణం అదే.

సూరమ్మ అరచేత్తో బిందె మూతి మూసింది. పుల్ల సముద్రం వైపు మెల్లగా కదిలింది. అది చాలా దూరం పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది.

"ఎనిమిదేళ్ళు," అంది చివరికి. "నా కొడుకుని ఎనిమిదేళ్ళు తిట్టుకున్నాను."

ఒడ్డుకి వచ్చింది. ఏం చెయ్యాలని అడిగింది. అతను పోటు తగలని ఎత్తులో గొయ్యి తవ్వి, క్యారియర్ గిన్నె తెరిచి, బిందె కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. పసుపు రాసిన రొయ్యని తనే తీసి కళ్ళకద్దుకుంది, క్షమించమని గంగమ్మని అడిగింది, గిన్నెలో పెట్టి నీళ్ళు పోసింది. బిందెలో నీళ్ళలోనూ పొడి కలిపించింది. చీర కుచ్చెళ్ళు కూడా ఆ నీళ్ళతోనే తడుపుకుంది. అన్నీ గోతిలో పూడ్చింది. సింహాద్రి కేసి మాత్రం మళ్ళీ చూడలేదు.

"మా గుమ్మం తొక్కకు," అని వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఈశ్వర్ రిపోర్టు చదివి, వేషం ఎందుకు విప్పావని అడిగాడు. అంతకన్నా పనికొచ్చే ఆయుధం ఇవ్వలేదు కదా సార్ అన్నాడు సింహాద్రి.

మరుసటి ఏడు జూన్ ఒకటిన అతను అక్కుపల్లి వెళ్ళాడు. దారిలో చెరువు గట్టు మీద తిరుమలరావు ఉన్నాడు, కానీ ఈసారి వీపు తిప్పి ఏటి వైపు చూస్తున్నాడు. మొగ దగ్గర సూరమ్మ పీట వేసుకుని కూర్చుంది. ముందు బ్లీచింగ్ నీళ్ళ బేసిన్. మొదటి తల్లికి డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను ఆనించి ఒక్క గీత చూశాకే పసుపు రాసింది. నీళ్ళలోకి దిగే ప్రతివాడూ ఆ బేసిన్‌లో కాళ్ళు ముంచి తీరాల్సిందే. సింహాద్రి వంతు వచ్చింది. ముంచాడు.

"మల్లీ ముంచు," అంది సూరమ్మ.

మళ్ళీ ముంచాడు. ఈపాటికి గ్రే టైడ్ పేరు ఆ తీరంలో ఎవరికీ గుర్తులేదు. సూరమ్మ అనుమానితుల జాబితాలో మాత్రం ఇప్పటికీ ఒకటే పేరుంది, ఆ పేరుగలవాడికి అదంటే ఏ అభ్యంతరమూ లేదు.