నలభై ఏడో ఓడలో సుద్ద సున్నాలు

తప్పని తెలిసీ, పైవాడు చెయ్యమన్నాడు కదా అని చేసినవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు. ఎత్తిన చెయ్యి ఎవరిదో గుర్తుపెట్టుకోడానికి ఆ ఆఫీసు కిటికీల వెనక మనుషులున్నారని నాకూ తెలుసు. టీ డబ్బాలు చల్లారేలోపు ఎఫీ గాల్‌బ్రెయిత్ సంగతి చెప్పేస్తాను. విన్నాక మీ ఇష్టం అని మాత్రం అనను.

ఎఫీ మీకు తెలియని మనిషేం కాదు. పోర్ట్ గ్లాస్గో పిల్ల, ఇరవై రెండేళ్లు, ఎర్రజుట్టు. యుద్ధానికి ముందు తాళ్లు పేనే కార్ఖానాలో ఉండేది. మగవాళ్లు సముద్రం మీదికి పోయాక మన యార్డుకొచ్చి వెల్డింగు నేర్చుకుంది. ఆడవాళ్ల చేతికి మంట ఇస్తే ఓడ కాదు, ఓవెను తయారవుతుందని వెక్కిరించిన పాతకాపులే, ఆరు నెలలకి ఆమె వేసిన అతుకు దగ్గరికొచ్చి మాట్లాడకుండా వంగి చూసి పోయేవాళ్లు.

పోయిన ఏడాది జనవరిలో నలభై ఆరు మీద పని. నీళ్లలోకి దిగేదాకా ఓడలకి మన దగ్గర పేర్లుండవు, నంబర్లే. నలభై ఆరు యుద్ధనౌక, సరుకు ఓడల వెంట కాపలాకి పోయే రకం. దాని అట్టడుగున, రెండు రేకుల మధ్య, మనిషి పాక్కుంటూ మాత్రమే పోగలిగే అరలున్నాయి కదా, వాటిలో ఒకదాంట్లో ఎఫీ పడుకుని పని చేస్తోంది. రెండు రేకులు కలవాల్సిన చోట కలవలేదు. వేలు దూరేంత సందు. అలాంటప్పుడు పొర మీద పొర వేసుకుంటూ నిండా నింపాలి, రోజంతా పడుతుంది. ఆ మాటే ఫోర్‌మన్ టోరన్స్‌కి చెప్పింది.

టోరన్స్ తెలుసుగా, ఆ గుండ్రటి గట్టి టోపీ. పైనుంచి ఎవరైనా పొరపాటున రివెట్టు జారవిడిస్తే తల దక్కాలని ఫోర్‌మన్లంతా పెట్టుకునే టోపీ. పొరపాటున అన్నాను, గమనించండి. ఆయన అర మూత తీసిన కంతలోంచి తల మాత్రం లోపలికి పెట్టి, రోజంతా లేదని చెప్పాడు. నాలుగు వెల్డింగు కడ్డీలు కరిగించకుండానే ఆ సందులో పడుకోబెట్టి పైన ఒక్క పొర లాగెయ్యమన్నాడు. పైన మెరుస్తుంటే లోపల ఎవడు చూస్తాడని నవ్వాడు కూడా.

ఎఫీ అలాగే చేసింది. అతుకు వెండి గొలుసులా మెరిసింది. కడ్డీలు లోపల కరగకుండా అలాగే ఉండిపోయాయి.

నలభై ఆరు మార్చిలో నీళ్లలోకి దిగింది, నవంబరులో మునిగిపోయింది. పేపర్లో రెండు లైన్లు వేశారు. కానీ బీనీ మేనల్లుడు ఆ రోజు పక్క ఓడలో ఉన్నాడు. బీనీ అంటే ఎఫీకి పైనుంచి వైరు అందించే పెద్దామె. టార్పెడో లేదు, మైను లేదు, సముద్రం కాస్త గట్టిగా ఉంది, అంతే అన్నాడట మేనల్లుడు. ఫిరంగి పేలినట్టు ఒక్క చప్పుడు. ఆ తర్వాత ముందు సగం ఒక పక్కకి, వెనక సగం ఒక పక్కకి పోయాయట. ఎఫీ ఆ పూట జామ్ రాసిన బ్రెడ్డు ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, పని కూత మోగేదాకా కూర్చుంది.

డిసెంబరులో నలభై ఏడు. అదే నమూనా. అదే అర. ఇక్కడ ఇంకో ఆమె పని చేసి వెళ్లిపోయింది, చివర మిగిలిన మూరెడు ఎఫీ పూర్తి చెయ్యాలి. పాక్కుంటూ లోపలికి పోయి దీపం ఎత్తి చూస్తే, పూర్తయిన అతుకు మీద సుద్దతో సున్నా చుట్టి ఉంది.

సున్నా అంటే తెలుసుగా. ఇనస్పెక్టరు సున్నా చుట్టాడంటే కోసి మళ్లీ వెయ్యాలని. ఎఫీకి ముందు సంతోషమే వేసింది, ఎవడో ఒకడు చూశాడన్న మాట అని. పైకొచ్చి టోరన్స్‌కి చెప్పింది. ఇనస్పెక్టరు ఇంకా ఈ ఓడలో కాలు పెట్టనే లేదు, వచ్చేది శుక్రవారం అన్నాడాయన. కిరసనాయిలు గుడ్డ ఇచ్చి తుడిచెయ్యమన్నాడు. తుడిచింది. మర్నాడు రెండు సున్నాలు. మళ్లీ తుడిపించాడు. మూడో రోజు ఐదు.

నాలుగో రోజు టోరన్స్ ఆమె జేబులు తిప్పించి చూశాడు. సుద్దముక్క దొరకలేదు, అయినా ఇది నీ వేషమే అన్నాడు. ఇంకోసారి సున్నా కనబడితే యుద్ధం పనికి అడ్డం వస్తున్నావని పై కమిటీ ముందు నిలబెడతానన్నాడు.

ఎఫీ మన కార్మిక సంఘం పెద్ద హ్యూయీ దగ్గరికి పోయింది. కడ్డీల సంగతి, నలభై ఆరు సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. హ్యూయీ పొగాకు పైపు నింపుకుంటూ అంతా విన్నాడు. మంచివాడే, అందుకే ఇంకా ఒళ్లు మండుతుంది.

"నువ్వు నోరు విప్పితే వాళ్లు అతుకులు కోయరమ్మా, ఆడవాళ్లని తీసేస్తారు. మూడొందల మంది పొయ్యి ఆర్పుతావా?"

"ఓడలో ఉన్నవాళ్ల పొయ్యి సంగతి?"

హ్యూయీ పైపు వెలిగించుకున్నాడు.

శుక్రవారం ఇనస్పెక్టరు వచ్చాడు. ఎఫీ దారికి అడ్డం నిలబడి అడుగు అర చూడమని బతిమాలింది. ఆయన బూట్లకి కొత్త పాలిష్. అక్కడికి పాకాలా అని టోరన్స్‌ని అడిగాడు, అవసరం లేదని టోరన్స్ అన్నాడు, కాగితం మీద సంతకం పడింది. చూడండి, నాకు దెయ్యాల కన్నా ఈ సంతకమే ఎక్కువ భయం. సరే, ఉండండి, దెయ్యం దగ్గరికే వస్తున్నాను.

ఆ సాయంత్రమే. నాలుగు దాటింది, బయట అప్పటికే చీకటి. అయినా ఆ అరలో పగలూ రాత్రీ తేడా ఏముంది. మిగిలిన మూరెడు అతుకు ఆ పూటే వేసెయ్యమని టోరన్స్ పంపాడు. ఎఫీ బోర్లా పడుకుని, మోచేతుల మీద జరుగుతూ, పన్నెండు అడుగులు లోపలికి పోయింది. చలి. ఇనుము దుస్తుల్లోంచి రొమ్ము దాకా తగులుతోంది. కాలిన ఇనుము వాసన, ఎర్ర రంగు వాసన ఎప్పుడూ ఉండేవే. ఆ రోజు ఇంకోటి కూడా ఉంది. ఓడ ఇంజన్లో వాడే చమురు వాసన. నలభై ఏడుకి ఇంకా ఇంజన్ పెట్టలేదు.

మనకో అలవాటుంది. లోపల మనిషి ఉంటే పైన ఉన్నవాళ్లు మధ్యమధ్య రేకు మీద రెండు దెబ్బలు కొడతారు, లోపలివాళ్లు తిరిగి రెండు కొడతారు. బతికే ఉన్నాను అని. బీనీ కొట్టింది. టక్, టక్. ఎఫీ సుత్తి అందుకుంది.

టక్, టక్.

ఎఫీ ఇంకా కొట్టలేదు.

చప్పుడు ఆమె కాళ్ల వైపు నుంచి రాలేదు, తల వైపు నుంచి వచ్చింది. ఆ వైపు మూత లేదు. దారి లేదు. మూసుకుపోయిన రేకు...

పైన బీనీకి జవాబు అందింది కాబట్టి ఆమె నిమ్మళంగా కూనిరాగం తీసుకుంటోంది. ఎఫీ దీపం ముందుకు తోసి చూసింది. ఏమీ లేదు. చప్పుడు ఇనుములో ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసులే అనుకుంది. వెల్డింగు ముసుగు దించుకుని కడ్డీ తాకించింది.

ముసుగు దించితే ఏం కనిపిస్తుందో మనలో అందరికీ తెలుసు. ఏమీ కనిపించదు. నల్ల అద్దంలో నాణెమంత మంట, కరిగే ఇనుము, చుట్టూ చీకటి. అంతే ప్రపంచం.

ఆ మంట అంచులోకి ఒక చెయ్యి వచ్చింది.

నెమ్మదిగా వచ్చింది. వేళ్లు ఉబ్బి, తెల్లగా, ఎక్కువసేపు బట్టలుతికిన చేతిలా ముడతలు పడి ఉన్నాయి. గోళ్ల కింద నల్ల చమురు. వేళ్ల మధ్య సుద్దముక్క.

గీసింది. ఇనుము మీద సుద్ద గీరుకుంటున్న చప్పుడు ఆమె పళ్లలో వినపడింది. ఆమె ఇప్పుడే, ఈ క్షణంలో వేస్తున్న అతుకు చుట్టూ... ఎర్రగా కాలుతున్న ఇనుము మీద... ఆ చెయ్యి కాలలేదు.

"ఇదీ..." అంది ఎవరిదో గొంతు. గుసగుస. నోట్లో నీళ్లున్న మనిషి మాట్లాడినట్టు.

కడ్డీ జారింది. మంట ఆరింది. చీకటి.

ముసుగు ఎత్తడానికి చెయ్యి రాలేదు. చప్పుడు మాత్రం వస్తోంది. గీర్... ఆగి, మళ్లీ గీర్... దూరంగా పోతోంది. పక్క అరలోకి. ఆ పక్క అరలోకి. అడ్డంగా రేకులున్నాయన్న సంగతి దానికి పట్టినట్టు లేదు.

"ఇదీ... ఇదీ... ఇదీ..."

ఎఫీ అప్పుడు ఏడ్చింది. భయానికి కాదట. ఇన్నాళ్లూ ఆ పాపం తనొక్కదానిదే అనుకుంది. ఓడ పొడుగునా అవే కడ్డీలా? ఇంతమందిమి చేశామా, ఒక్కళ్లమూ మాట్లాడలేదా?

ఆమె పైకి రాలేదు. మీరూ నేనూ అయితే వచ్చేవాళ్లం. ఎఫీ కరెంటు పెంచమని బీనీకి అరిచి, సున్నా పడిన పాత అతుకుని కడ్డీతోనే కాల్చి, ఉలితో చీల్చింది. లోపలి నుంచి నాలుగు కడ్డీలు రాలిపడ్డాయి, కొత్తవి, కరగనివి. వాటి వెనక సందులోంచి నీళ్లు. ముందు చుక్క, తర్వాత సన్నటి ధార. మోచేతుల కింద మడుగు కట్టింది. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు. ఓడ ఇంకా గట్టు మీదే ఉంది.

టోరన్స్ వచ్చేసరికి ఆమె మూత పక్కన కూర్చుని ఉంది, ఒళ్లో నాలుగు కడ్డీలు. ఆయన లోపలికి దీపం పెట్టి కోసిన అతుకు చూశాడు, మడుగు చూశాడు. సున్నాలు కూడా చూశాడు. అతుకు అతుక్కీ ఒకటి, దీపం వెలుగు పోయినంత దూరం. ఆయన మొహంలో రంగు పోయిందని బీనీ ఒట్టేసి చెప్పింది.

"వాన నీళ్లు" అన్నాడు.

"రుచి చూడండి." ఎఫీ తడి వేలు చాపింది.

ఆయన ఆ వేలు వైపు చూశాడు.

"సంతకం అయిపోయింది పిల్లా."

ఆ ఒక్క అతుకూ అదే రోజు ఇంకొకరి చేత వేయించాడు. మిగతావన్నీ నలుగురిని పెట్టి కిరసనాయిలుతో తుడిపించాడు. ఎఫీని వెల్డింగు నుంచి తీసేసి క్యాంటీనులో గిన్నెల దగ్గర పెట్టారు. ఆమె పై ఆఫీసులకి మూడు ఉత్తరాలు రాసింది. ఓడ తనిఖీ పూర్తయిందనీ, తమ శ్రద్ధకు ధన్యవాదాలనీ మూడింటికీ ఒకే జవాబు వచ్చింది.

మార్చి నెల చివర నలభై ఏడు పేరు పెట్టించుకుని, బూడిదరంగు వేయించుకుని, నదిలోంచి సముద్రానికి బయల్దేరింది. క్యాంటీను నుంచి ఎఫీ, ఆమె వెంట బీనీ గట్టు మీదికొచ్చారు. నావికులు డెక్కు మీద వరసగా నిలబడ్డారు, కుర్రమొహాలు, టోపీలు సర్దుకుంటూ. ఆడపిల్లలు చేతులూపుతుంటే వాళ్లలో వాళ్లు మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఎఫీ అరిచింది. దిగండి అని అరిచింది. అందరూ అరుస్తున్నారు కదా, ఎవరికి వినబడుతుంది. ఒకడు ముద్దు విసిరాడు.

ఓడ మలుపు తిరిగేచోట, అవతలి గట్టుకి సలాం కొట్టడానికి ఆజ్ఞ అయింది. వరసంతా ఒక్కసారి అటు తిరిగింది. వీపులు కనబడ్డాయి.

నల్ల కోట్ల మీద తెల్లటి సున్నా. ప్రతి వీపు మీదా.

బీనీ ఎఫీ మోచెయ్యి పట్టుకుంది. ఆమెకీ కనబడింది, అందుకే చెబుతున్నాను. ఇద్దరూ ఒక కొస నుంచి చూసుకుంటూ పోయారు. చిట్టచివరివాడి వీపు మీద మాత్రం గుర్తు లేదు. వాడి కోటు భుజాల నుంచి కింది దాకా తడిసి, నీళ్లు కారి, డెక్కు మీద వాడి కాళ్ల చుట్టూ నిలిచాయి. పొద్దుటి నుంచి వాన చినుకు లేదు. వాడి పక్కన నిలబడ్డ కుర్రాడు వాడి వైపు చూడనైనా చూడలేదు, కానీ చలి వేసినట్టు కోటు కాలరు పైకి లాక్కున్నాడు.

నలభై ఏడు నుంచి ఇంకా కబురు లేదు.

నలభై ఎనిమిది మీ వెనకే ఉంది. గురువారం పోటుకి నీళ్లలోకి దిగుతుంది. ఇప్పుడు కూత మోగుతుంది. మీ సుత్తులూ ఉలులూ తీసుకుని నాతో పాటు అడుగు అరల్లోకి రండి. సున్నా కనబడిందా, తుడవకండి. కొయ్యండి. కిరసనాయిలు గుడ్డ ఎవరు చేతికిచ్చినా, అది వాళ్ల చేతికే తిరిగి ఇచ్చెయ్యండి.