చెయ్యెత్తిందెవరో చూడని మేస్త్రీ

సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కుదురుగా ఉంది. రేవులో కట్టేసిన బొగ్గు ఓడ మాత్రం పొద్దుటినుంచీ ఒకటే ఊగుడు. రెండు బారలు ముందుకి, రెండు బారలు వెనక్కి. గట్టుమీద ఓడ తాళ్లు చూసుకునే మేస్త్రీకి ఒళ్లు మండిపోతోంది. మండదా మరి? ఎక్కడో దూరాన పుట్టిన పొడుగాటి అల కంటికి కనబడకుండా వచ్చి ఓడని ఉయ్యాలూపుతుందని ఆయనకి ముప్పయ్యేళ్లుగా తెలుసు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నాయనకే తెలియదు.

"పని ఆపండి సార్! తాడు తెగి తగిలితే మనిషి రెండు ముక్కలు!" అని వాకీటాకీలో మొత్తుకుంటే, "అలలేవయ్యా? నీకే కళ్లు తిరుగుతున్నట్టున్నాయి, కాసిని నీళ్లు తాగు" అన్నాడా మహానుభావుడు.

పైగా ఓడ అడుగున బొగ్గు ఊడుస్తున్నది మేస్త్రీ సొంత బామ్మర్ది. వాడికేమైనా అయితే ఇంట్లో ఆవిడకి మొహం ఎలా చూపించడం?

మధ్యాహ్నానికి మంచు కమ్మేసింది. ఓడ ముక్కు కనబడటం మానేసింది. తడి బొగ్గు వాసన... రాసుకుని మాడిన తాడు వాసన... కిర్ర్... కిర్ర్...

తాళ్ల పనికో పద్ధతుంది. గట్టుమీదివాడు చెయ్యెత్తాలి, ఓడమీదివాడు ఎదురు చెయ్యెత్తాలి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాకే తాడు లాగడం. విసుగులో మేస్త్రీ మొహం చూడలేదు. ఓడమీద మంచులో ఒక చెయ్యి లేచింది. చాలనుకున్నాడు.

"లాగవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

తాడు బిగిసింది. ఇంకా బిగిసింది. నీళ్లు పిండుకుంటూ సన్నబడింది... ఓడ ఠక్కున ఆగిపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు మేస్త్రీ?"

వెనక్కి తిరిగితే ఓడ కళాసీల పెద్ద సరంగు, చేతిలో టీ గ్లాసు. "ఓడవాళ్లం అందరం ఇక్కడే గట్టుమీదున్నాం. తాడు లాగే మిషనుకి కరెంటు తీసేసే దిగాం."

మేస్త్రీ తలెత్తాడు. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది. మెల్లిగా వంగింది... బొగ్గు గదిలోకి దిగింది.

"ఒరేయ్ బామ్మర్దీ! పైకి రారా!" వాకీటాకీలో అరిచాడు.

"వస్తున్నా బావా..." గుసగుస. "నిచ్చెనమీద ఎవరో ఉన్నారు... చెయ్యందిస్తున్నారు..."

"పట్టుకోకు! విన్నావా? పట్టుకోకురా!"



ఎంతసేపో... మంచులోంచి వాడే దిగొచ్చాడు. నల్లగా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ. మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణంతోనే తిట్లూ వచ్చాయి.

"వెధవా! పట్టుకోవద్దంటే వినవా?"

"పట్టుకోకపోతే ఎలా ఎక్కను బావా? మంచివాడే. చెయ్యి మాత్రం చన్నీళ్లు."

మేస్త్రీ ఇంకో తిట్టు అందుకోబోయి ఆగిపోయాడు. ఓడ కదలడం లేదు. గట్టుమీద బామ్మర్ది కదులుతున్నాడు. ముందుకి. ఆగి... వెనక్కి. మళ్లీ ముందుకి... మళ్లీ వెనక్కి, ఈసారి ఇంకాస్త ఎక్కువ. వాడి వెనక గట్టు అంచు. అంచు కింద నల్లటి నీళ్లు.

"ఏంట్రా ఆ గంతులు? ఒకచోట నిలబడి చావు!"

"నిలబడే ఉన్నాను బావా," అన్నాడు వాడు, నవ్వు మొహంతోనే వెనక్కి జారిపోతూ. "నువ్వే... దూరంగా వెళ్లిపోతున్నావు."