అచ్చుగుద్దినట్టు

పొద్దున్నే టీ పెడుతున్న తల్లి తల మీదుగా, పై అరలోని పంచదార డబ్బా కోసం కొడుకు చెయ్యెత్తాడు. అంతే. ఆవిడ గభాలున వంగి రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. భర్త పోయి ఏళ్ళు గడిచినా ఒంట్లోంచి ఆ భయం మాత్రం పోలేదు.

కొడుకు డబ్బా గట్టు మీద పెట్టి, "ఆ నర్సు అమ్మాయికి కుదరదని చెప్పేశానమ్మా. ఇక పెళ్ళి ఊసెత్తకు," అన్నాడు.

ఆ అమ్మాయికి వీడంటే ప్రాణం, వీడికి ఆ అమ్మాయంటే ప్రాణం.

"మతి పోయిందా? బంగారంలాంటి పిల్లని కాదంటావా? ఏం మొండితనంరా ఇది, అచ్చుగుద్దినట్టు మీ..."

అలవాటుగా వచ్చిన మాటని నాలిక కరుచుకుని ఆపుకుంది.

"ఆపేశావేం? అచ్చుగుద్దినట్టు మీ నాన్నే. అదేగా?"

వాడు పుట్టినప్పుడు చుట్టాలంతా ఆ మాటే అన్నారు. ముక్కూ నుదురూ దించేశాడని మురిసిపోయారు. వాళ్ళ నోట ముద్దుగా ఉన్న మాట ఆవిడ నోట దెప్పుగా మారింది. కంచం తోసేస్తే నాన్నే, తలుపు దభాలున వేస్తే నాన్నే. మొగుణ్ణి అనలేని మాటలన్నీ పాపం కొడుకు పడ్డాడు.

"నేనెప్పుడైనా నీమీద చెయ్యి చేసుకున్నానా?"

"ఛ, అవేం మాటల్రా!"

"మరి ఇందాక ఎందుకు వంగావు? గడ్డం గీసుకుంటుంటే అద్దంలో నాకూ ఆయనే కనిపిస్తాడమ్మా. రేపు ఆ పిల్లా నన్ను చూసి ఇలాగే తల దాచుకుంటే నేను బతకలేను."

బస్సు డిపోలో టైర్లు విప్పే ఆ మొరటు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

దెబ్బలు తిన్నది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ. ఆవిడ పొయ్యి కట్టేసింది.

"ఆ అమ్మాయికి ఫోన్ కలుపు. కలపమంటున్నానా!"

మెట్ల మీంచి జారానని, తలుపు తగిలిందని పుట్టింట్లో కూడా బొంకుతూ వచ్చిన మనిషి. అవతల నర్సు "చెప్పండత్తయ్యా" అనగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"మా ఆయన నన్ను కొట్టేవాడమ్మా. వీడికి ఆ మొహం వచ్చింది, ఆ బుద్ధి రాలేదు. వచ్చిందని వీణ్ణి నమ్మించింది నేనే. ఆ పాపం నాది, వీడిది కాదు."

అవతల నుంచి "ఫోన్ తనకివ్వండి" అని మెల్లగా వినిపించింది.

కొడుకు ఊఁ అన్నాడు. మళ్ళీ ఊఁ అన్నాడు. "సాయంత్రం వస్తుందటమ్మా, మాట్లాడాలంది. ఇంకేం చెప్పలేదు."

"రానీ," అంది ఆవిడ. కళ్ళు తిప్పుకోకుండా కొడుకు మొహంలోకి చూసింది. ముక్కూ నుదురూ ఆయనవే. ఆ ఏడుపు మాత్రం తనది. ఆయన ఏనాడూ ఏడ్చి ఎరగడు.