పన్నెండో తారీకు కక్కు

తలుపు తీయగానే ఎదురుగా నిలబడ్డ ఆవిడ కాళ్ళకున్న చెప్పులు రెండూ రెండు జతలవి. అసిస్టెంటు కళ్ళు ముందు వాటి మీదే పడ్డాయి. ఎంత కంగారులో బయల్దేరిందో పాపం అనుకుని, ఆవిడను లోపలికి తీసుకొచ్చింది.

"మా ఆయనకి నేను విషం పెట్టానంటున్నారండీ," అంది ఆవిడ కూర్చోకుండానే. "రేపు మా అత్తగారు పోలీసుల దగ్గరికి వెళతారట."

డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకుంటూ కుర్చీ చూపించాడు. "రేపటి సంగతి రేపు. ముందు మంచినీళ్ళు తాగండి."

భర్త తొమ్మిదేళ్ళుగా పెట్రోలు బంకులో పంపు దగ్గర పనిచేస్తున్నాడు. కొన్ని నెలలుగా నీరసం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు. పోయినవారం పంపు పక్కనే కుప్పకూలాడు. ఉండాల్సిన రక్తంలో సగం కూడా లేదన్నాడు డాక్టరు. పెట్రోలు ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చడం వల్ల ఎముకల్లో మూలుగ దెబ్బతిందేమోనని మొదట అనుమానించాడు. అంతలో బంకు మేనేజరు కాగితాలు పంపించాడు. నాలుగు నెలల కింద చేయించిన పరీక్షలో రక్తం నిక్షేపంలా ఉందట. ఇంతలోనే ఇంత పడిపోయిందంటే ఇంట్లోనే ఏదో జరిగిందని కూడా ఆ మేనేజరే అన్నాడు.

"ఇప్పుడు డాక్టరుగారు ఏ విషమా అని వెతుకుతున్నారు. అసలు వైద్యం ఆగిపోయింది. ఇలా వెతుకుతూ కూర్చుంటే మనిషి దక్కుతాడా అండీ?"

డిటెక్టివ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. "మీ వంటిల్లు చూద్దాం పదండి."

వంటింట్లో కంటే పెరట్లోనే ఎక్కువసేపు గడిచింది. అక్కడ నల్లరాతి రుబ్బురోలు ఉంది. అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని దాని పక్కనే కాపలా ఉన్నట్టు నిలబడింది.

"అదిగో, ఆ రోలే. దానికి కక్కు కొట్టించిన దగ్గర్నుంచే మావాడికి సుస్తీ పట్టుకుంది. రాతిలో ఏం కూరిందో మహాతల్లి!"

"అత్తయ్యా, కొట్టించమంది మీరే కదా. రోలు నున్నబడిపోయింది, పిండి జారిపోతోందని మూడు రోజులు సాధించారు," అంది కోడలు. డిటెక్టివ్ వైపు తిరిగి, "నాలుగు నెలల కింద పన్నెండో తారీకున రాళ్ళు కొట్టే ఆయన వచ్చాడండీ. పొత్రం బరువని మా ఆయన సెలవు పెట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నారు. బంకుకి ఫోను చేసింది నేనే," అంది.

డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చుని రోలు లోపల వేలితో తడిమాడు. ఉలి గాట్లు గరుగ్గా, వరసగా తగిలాయి. ఏ అతుకూ లేదు, రాయి తప్ప మరేమీ లేదు.

"ఈ పిండి మీరూ తింటున్నారా అమ్మా?"

"తినక? కడుపు మాడ్చుకుంటానా?"

"ఒంట్లో ఎలా ఉంది?"

"నాకేం! రాయిలా ఉన్నాను," అనేసి అత్తగారు నాలిక కరుచుకుంది.

బంకు దగ్గర ఎండకు పెట్రోలు వాసన మరీ ఘాటుగా ఉంది. పంపుల దగ్గర నలుగురు పనివాళ్ళు ముక్కుకి గుడ్డ అయినా లేకుండా నిలబడ్డారు. మేనేజరు అద్దాల గదిలో చల్లగా కూర్చున్నాడు. టీ వచ్చింది. పనివాళ్ళ గ్లాసుల్లో స్పూను నిలబడేంత చక్కెర. మేనేజరు తన గ్లాసు వేరుగా అందుకున్నాడు.

"నాది చప్పిడి టీ లెండి, రాసిపెట్టి ఉంది," అని నవ్వాడు.

అడిగిన ఫైలు వెంటనే ఇచ్చాడు. ఆసుపత్రిలో పడున్న మనిషితో కలిపి ఐదుగురి రక్తపరీక్షలు. అసిస్టెంటు నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంది. రక్తం తీసిన తేదీ పన్నెండు. ఐదుగురికీ రక్తం బ్రహ్మాండంగా ఉంది. ఐదుగురికీ చక్కెర మాత్రం రెండొందలు దాటింది.

"టీలు తెగ తాగుతారండీ," అన్నాడు మేనేజరు. తర్వాత తనే సెలవుల పుస్తకం తెరిచి చూపించాడు. "ఆయన ఇంటి తిండి సంగతి నాకెప్పుడో తెలుసు. చూడండి, నేనే రాసుకున్నాను: 'వాంతులు. సెలవు.' వాళ్ళావిడే ఫోను చేసి చెప్పింది."

డిటెక్టివ్ ఆ పేజీని అవసరానికి మించి చూశాడు. "ఈ ఫైలూ, సెలవుల పుస్తకమూ సాయంత్రం ఆసుపత్రికి తీసుకురండి. మీ యజమానినీ రమ్మనండి. మీరు మాకు చాలా సాయం చేశారు."

మేనేజరు పొంగిపోయాడు. అసిస్టెంటుకి ఏమీ బోధపడలేదు, కానీ సారు అంత మర్యాదగా మాట్లాడారంటే ఎవరికో మూడిందని మాత్రం తెలుసు.

సాయంత్రం డాక్టరు గదిలో అందరూ చేరారు. అత్తగారు కోడలికి ఎడంగా కూర్చుంది. డిటెక్టివ్ సెలవుల పుస్తకం ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, మీ కోడలు ఆ పన్నెండో తారీకున ఫోనులో ఏమందో మీరు విన్నారా?"

"పక్కనే ఉన్నానుగా. 'ఇవాళ కక్కు ఉందండీ, ఆయన రారు' అంది."

"మేనేజరుగారు దాన్ని వాంతులని రాసుకున్నారు."

అత్తగారు మేనేజరును ఎగాదిగా చూసింది. "కక్కు అంటే కక్కుకోవడం అనుకున్నావా నాయనా? రోటికి గాట్లు పెట్టించడమయ్యా! మీ ఇంట్లో రోలన్నది ఎప్పుడూ చూడలేదూ?"

యజమానికి నవ్వాగలేదు. డిటెక్టివ్ నవ్వలేదు.

"తప్పుగా రాసినా తేదీ సరిగ్గా వేశారు. అంటే ఆ రోజు ఆయన బంకుకి రాలేదు. మరి అదే రోజు బంకులో తీసిన రక్తం ఎవరిది?"

మేనేజరు సెలవుల పుస్తకం తన వైపు లాక్కున్నాడు. "తేదీ... తేదీ పొరపాటై ఉంటుంది."

"అదీ అనుకున్నాను. కానీ ఐదుగురు మనుషులకి చక్కెర ఒకేలా ఎలా ఉంటుంది? సీసాలు ఐదు, మనిషి ఒక్కడే. బంకులో చక్కెర జబ్బుతో చప్పిడి టీ తాగేది ఒక్కరే. కాదంటారా? డాక్టరుగారి దగ్గర సూది ఉంది, చెయ్యి చాపండి."

మేనేజరు చెయ్యి చాపలేదు, జేబులో పెట్టుకున్నాడు.

"ఐదుగురినీ ల్యాబుకి పంపితే పూట పోతుంది సార్," అన్నాడు యజమాని కేసి చూస్తూ. "బళ్ళు రోడ్డు దాకా నిలబడతాయి. ఎవరికైనా తేడా ఉందంటే పంపు దగ్గర్నుంచి తప్పించాలి. ఏమవుతుందిలే అని నా రక్తమే ఇచ్చాను. ప్రతిసారీ అంతే."

"ఆయన పడిపోయాక నిజం బయటపడుతుందని ఈవిడ మీదికి తోశారు," అన్నాడు డిటెక్టివ్.

డాక్టరు మేనేజరు పంపిన కాగితాన్ని ఫైల్లోంచి లాగి పక్కన పడేశాడు.

"మూలుగ పరీక్ష ఇప్పుడే చేస్తాను. వారం వృథా అయింది, కానీ చెయ్యి దాటిపోలేదనే అనుకుంటున్నాను. మిగతా నలుగురినీ ఇవాళే పంపండి. వాళ్ళు స్వయంగా రావాలి."

"బంకు మూసేసి పంపిస్తాను," అన్నాడు యజమాని. మేనేజరు చేతిలోంచి ఫైలూ, పుస్తకమూ తీసుకున్నాడు.

గంట తర్వాత అసిస్టెంటు వరండాలోకి వచ్చేసరికి బంకు యూనిఫారాల్లో నలుగురు చొక్కా చేతులు పైకి మడుచుకుని వరసగా బల్ల మీద కూర్చున్నారు. ఒకడి మోచేతి కింద నాణెమంత నల్లటి మచ్చ కనిపించింది. ఎప్పుడు తగిలిందని అడిగితే, తగిలినట్టు గుర్తులేదన్నాడు. ఆమె నర్సును పిలిచి వాణ్ణి ముందు లోపలికి పంపించింది.

బల్ల చివర అత్తగారు, కోడలు కూర్చున్నారు. మధ్యలో ఎడం లేదు. అత్తగారు కోడలి కాళ్ళకేసి చాలాసేపు చూసింది.

"ఆ చెప్పుల్లో ఒకటి నాది," అంది చివరికి.

"చూసుకోలేదు అత్తయ్యా."

"ఉంచుకో. ఇంటికి పోయి పప్పు నానబోస్తాను. రేపు నేనే రుబ్బి వాడికి తెస్తాను. ఎవడేమంటాడో చూస్తా."

ఆవిడ కాళ్ళకున్నవీ రెండు జతల చెప్పులే, వాటితోనే మెట్లు దిగి వెళ్ళిపోయింది.